రక్షిత జాబితాలోని పాత వర్క్‌షాపులో చెమ్మ: సిమెంటుతో దర్జులు నింపవచ్చా? లోపల ఏవి తీయకూడదు?

మీరు అడిగినవి రెండు. నగరం నడుమ వందేళ్ళు దాటిన ఇటుక వర్క్‌షాపులో గోడల అడుగున చెమ్మ ఎక్కుతోంది, సిమెంటుతో దర్జులు (ఇటుకల మధ్య సందులు) నింపుదామని మేస్త్రీ అంటున్నాడు. లోపలి పాత ఇనుప సామానులో ఏది తీసేయొచ్చో కూడా తెలియాలి. ఇలాంటి కట్టడాల మరమ్మతు పనిలోనే ఉన్నాను కాబట్టి ముందే చెబుతున్నాను: సిమెంటు వద్దు. సామాను సంగతి తేలేదాకా ఒక్క బోల్టు కూడా విప్పించకండి.

వర్క్‌షాపు ఆకారాన్ని అందులో జరిగిన పనే నిర్ణయించింది. కిటికీ పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే, సుమారు దానికి రెండు రెండున్నర రెట్ల దూరం దాకే పగటి వెలుగు పనికొచ్చేలా అందుతుంది. అందుకే ఈ భవనాలు సన్నగా, పొడవుగా, నడుమ పెరడు వదిలి కట్టారు. 1870ల చివర ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కట్టిన పోర్ట్‌లాండ్ వర్క్స్ అలాంటిదే: కత్తులూ చెంచాలూ చేసేవాళ్ళ గదులు పెరడు చుట్టూ వరుసగా ఉంటాయి. రంపపు పళ్ళలాంటి కప్పు ఉంటే, ఉత్తరార్ధగోళంలో దాని అద్దాలు ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి. నేరుగా ఎండ పడితే పనివాడి కంటికి మెరుపు కొడుతుంది, నీడలు మారుతూ కొలత తప్పుతుంది.

కాబట్టి యంత్రాలను తిప్పే ఇరుసును (షాఫ్టును) మోసిన బ్రాకెట్లు గోడకు మిగిలి ఉంటే అవి, బెల్టు దూరడానికి నేలలో కొట్టిన రంధ్రాలు, కిటికీ కింద బల్ల ఆనిన గుర్తులు, బరువులెత్తే కప్పీ కొక్కెం చెత్త కాదు. అక్కడ ఏ యంత్రం నడిచిందో, శక్తి ఏ దారిన వచ్చిందో చెప్పేవి అవే. రంధ్రం అడ్డమైతే పైన పలక పరిచి మూయండి, కాంక్రీటు పోయకండి.

ఇప్పుడు చెమ్మ. గోడ ముట్టుకునే ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలి. మొదటి అనుమానం రెండు కప్పుల మధ్యనున్న కాలువ మీదే. ఆ కాలువలో సీసం రేకును ఒకే పొడవైన ముక్కగా పరిస్తే ఎండకు సాగి, చలికి ముడుచుకుని చీలుతుంది. ముక్కలు సుమారు ఒకటిన్నర మీటరు మించకూడదు. రెండోది బయటి నేల. ఏళ్ళ తరబడి పెరట్లో పొరమీద పొర వేసి ఎత్తు పెంచుతారు, చెమ్మ ఆపే పొర దాని కింద కప్పబడిపోతుంది. నేల ఆ పొరకు కనీసం 150 మి.మీ. కిందే ఉండాలి. ఈ రెండూ సరిచేసినా గోడ వెంటనే ఆరదు. మందంలో నెలకు సుమారు 25 మి.మీ. అనేది వాడుకలో ఉన్న అంచనా, అంటే 350 మి.మీ. గోడకు ఏడాది పైనే. ఈలోగా చెమ్మ ఆపుతామంటూ గోడలోకి మందులు ఎక్కించే కాంట్రాక్టర్ల మాట వినకండి.

పాత ఇటుక కన్నా గానుగ సున్నపు దర్జు మెత్తన. తడి దాని గుండా బయటికి ఆవిరవుతుంది, తడితో వచ్చే ఉప్పు దాన్నే తింటుంది. కొన్నేళ్ళకు మళ్ళీ నింపుకోవడమే. సిమెంటు బిగుసుకుంటే తడి ఇటుక గుండానే పోవాలి, ఉప్పు ఇటుక ముఖం వెనక గట్టిపడి పెచ్చు పెచ్చుగా ఊడగొడుతుంది. దర్జు పోతే మళ్ళీ నింపొచ్చు, ఇటుక పోతే రాదు.

పని ఇలా చేయించండి. పాత దర్జు ముక్క తీసి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది (కళ్ళజోడు, చేతితొడుగులు తప్పనిసరి, ఇసుకలో గవ్వ ముక్కలుంటే అవీ కరుగుతాయి). ఆ రంగు, ఆ గింజ పరిమాణం ఉన్న ఇసుకే వెతకండి. దర్జును సన్న ఉలితో, వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 20 మి.మీ., చదరంగా తవ్వాలి. గ్రైండరు పెడితే ఇటుక అంచులు ఎగిరిపోతాయి, ఆ నష్టం శాశ్వతం. దుమ్ము దులిపి, గోడ తడిపి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుకతో కలిపిన ముద్దను గట్టిగా కూరాలి. లోతు 25 మి.మీ. దాటితే పొరలుగా వేయాలి. బొటనవేలు నొక్కితే గుర్తు పడని దశలో గట్టి బ్రష్షుతో కొట్టి, తడి గోనె పట్టాలు వారం రోజులు వేలాడదీయాలి. గోనె వేయకపోవడం వల్లే ఎక్కువ పనులు చెడతాయి: సున్నం తొందరగా ఎండి పొడిలా రాలుతుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందకు పోయే రోజుల్లో మొదలుపెట్టకండి.

ఇనుము విషయంలో మరింత జాగ్రత్త. మిల్లుల చెక్క అంతస్తులు తరచూ తగలబడుతుండటంతో 1797లో ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో చార్లెస్ బేజ్ అనే రూపకర్త పోత ఇనుప స్తంభాలూ దూలాలతో అవిసె నార వడికే మిల్లు నిలిపాడు. దూలాల మధ్య ఇటుక కమాన్లు. మీ అంతస్తు కూడా ఆ పద్ధతిదైతే కమాన్లు పక్కలకు తోస్తాయి, ఆ తోపును పట్టుకునేవి దూలాల మధ్య సన్నటి ఇనుప కడ్డీలు. పైపు వేయడానికి అడ్డొచ్చిందని కడ్డీ కోస్తే చివరి గోడ బయటికి ఒరుగుతుంది. పోత ఇనుము నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం, హెచ్చరించకుండా చిట్లుతుంది. అందువల్ల పాత లోహాలు తెలిసిన ఇంజనీరు చూడకుండా దానికి రంధ్రం వద్దు, వెల్డింగు అసలే వద్దు. బోలు స్తంభంలోంచి వాననీరు దిగే ఏర్పాటు ఉంటే లోపల తుప్పు ఎంతుందో కెమెరా దించి చూడాలి. గోడలో పాతిన ఇనుము తుప్పుపట్టి కొన్ని రెట్లు ఉబ్బి ఇటుకల్ని పైకెత్తుతుంది, కాబట్టి అడ్డ పగులు కనబడితే దాని వెనక ఇనుముందేమో వెతకండి.

కిటికీలు మార్చకండి, లప్పం, కుళ్ళిన కింది పట్టీ మార్చి, చలికి లోపలివైపు రెండో అద్దం బిగించండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దించకండి.

అనుమతి దరఖాస్తుకు ముందే ప్రతి గోడా ఫొటో తీసి, కొలతల పటం గీసి, దర్జు నమూనాను ఒక చదరపు మీటరు మీద వేయించి ఆరాక అధికారులకు చూపండి. గోడ మొత్తం నింపాక రంగు కలవలేదంటే మళ్ళీ తవ్వాల్సింది ఆ ఇటుకల మధ్యనే.