చిన్నా ఆపరేషన్‌కి ముందు

చిన్నా,

నడుములో ఎల్4, ఎల్5 పూసలు రెంటినీ కలిపి ఒకే ఎముకలా అతికించే ఫ్యూజన్ ఆపరేషన్‌కి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆర్నెల్లు ఫిజియోథెరపీ చేసి, ఇద్దరు సర్జన్లకు చూపించుకుని మరీ తేల్చుకున్నావట. మన ఇంట్లో ఎవరికీ లేని ఓపిక నీకెక్కణ్ణుంచి వచ్చిందోగానీ ముచ్చటేసింది. నాకు దడ మాత్రం తగ్గలేదు.

లోపల పెట్టేది టైటానియమా, పీకా అని అడుగుతున్నావట. స్క్రూలూ రాడ్లూ ఎక్కువగా టైటానియంవే. తర్వాత ఎమ్మారై తీయాల్సొస్తే స్టీలంత మసక రాదు. పూసల మధ్య పెట్టే కేజ్ దగ్గరే ఈ బేరమంతా. పీక్ ఒక రకం గట్టి ప్లాస్టిక్, ఎక్స్‌రేకి అడ్డు రాదు కాబట్టి ఎముక అతికిందో లేదో తెలుస్తుంది. ఎముక పట్టుకోవడం టైటానియానికి మేలు. అది సర్జన్‌కి వదిలెయ్. నువ్వు ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించుకో. ఎముక గుల్లబారితే ఎంత ఖరీదైన స్క్రూ అయినా వదులవుతుంది. షుగర్ కూడా చూపించుకో.

ఇక నీ సిగరెట్. నాకు తెలీదనుకోకు.

మీ పెదనాన్న కూడా తన నడుము ఆపరేషన్‌కి ముందు మానేశారు. నరం మీద ఒత్తిడి పోయేసరికి నెల తిరక్కుండానే కాలి లాగుడు తగ్గింది. మనిషి హుషారై, టీకొట్టు దగ్గర మళ్లీ వెలిగించారు. నొప్పి పోవడం వేరు, ఎముక అతకడం వేరురా. అతకడానికి ఆర్నెల్ల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందాకా బరువు మోసేది లోహమే. నికోటిన్ ఎముకకు రక్తం సరిగ్గా అందనివ్వదు. అతకని చోట రోజూ కదలిక ఉంటే, అటూ ఇటూ వంచిన తీగ తెగినట్టు రాడ్ తెగుతుంది. ఆయన స్కూటర్‌కి స్టాండ్ వేస్తుంటే నడుములో టక్‌మంది. ఎక్స్‌రేలో రాడ్డుకు అడ్డంగా సన్నటి గీత. మళ్లీ కోసి, తుంటి నుంచి ఎముక తీసి పెట్టారు. నడుము నిలబడింది గానీ ఆ తుంటి సలుపు ఏళ్ల తరబడి వదల్లేదు. ఆయన చివరిదాకా ఇంప్లాంట్‌నే తిట్టారు. జేబులో అగ్గిపెట్టె దొరికినా నేను ఎదురు చెప్పలేదు. నీకు మాత్రం చెబుతాను.

గమ్ నములుతానంటావేమో, అందులోనూ నికోటినే. సర్జన్‌ని అడక్కుండా వద్దు. నొప్పి బిళ్లలూ సొంతంగా కొనకు.

జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చెమ్మ కనిపించినా ఫోన్ చెయ్. పాదం పైకి లేవకపోయినా, మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకు, ఆస్పత్రికి పరిగెత్తు. ఇంప్లాంట్ స్టిక్కర్లున్న కాగితం దాచిపెట్టు. మళ్లీ తీయాల్సొస్తే ఆ స్క్రూలకు సరిపడే స్క్రూడ్రైవర్ ఏదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఎత్తు మంచం వేయించు. తేదీ చెబితే ముందురోజే వచ్చేస్తా, మీ అమ్మకు కంగారెక్కువ.

మీ పెద్దమ్మ