టెక్ సందేహాలు: జర్మన్ నేర్చుకునేవారి కీబోర్డ్, కార్డులు, మైకు

నర్సు ఉద్యోగానికి, ఎంఎస్‌కి, భాగస్వామి వీసాకి జర్మన్ నేర్చుకుంటున్నవారు అడిగిన ప్రశ్నలకే ఈసారి చోటు. యాప్‌లు చాలావరకు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. పైగా సగం పని ఫోనే చేసిపెడుతుంది. ఆ సాయం పరీక్ష గదిలో దొరకదు కాబట్టి సెట్టింగులు మార్చుకోవడం తప్పనిసరి.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో నంబర్ ప్యాడ్ లేదు. రెండు చుక్కల అక్షరాలను వెబ్‌లో వెతికి కాపీ చేసుకుంటున్నాను. చుక్కలు లేకుండా రాస్తే ఏమవుతుంది?

అర్థం మారిపోతుంది. 'ఇఖ్ కొన్టె కొమెన్' అంటే 'నేను రాగలిగాను'. 'కొన్టె'లోని 'ఓ' (o) అక్షరం మీద రెండు చుక్కలు పెడితే 'క్యొన్టె' అవుతుంది, అర్థం 'నేను రాగలనేమో, రావడానికి వీలుపడొచ్చు'. ఇంటర్వ్యూ తేదీ ఖరారు చేసే మెయిల్‌లో ఈ రెండూ తారుమారైతే అవతలివారు తికమక పడతారు.

ఆల్ట్ నొక్కి 0228 (ä), 0246 (ö), 0252 (ü), 0223 (ß) కొట్టే పద్ధతి నంబర్ ప్యాడ్ మీదే పనిచేస్తుంది. అక్షరాల పై వరసలోని అంకెలతో రాదు. మీరిలా చేయండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరవండి. ఇంగ్లిష్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, యాడ్ ఎ కీబోర్డ్‌లో యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ ఎంచుకోండి. ఇక కుడివైపు ఆల్ట్ పట్టుకుని క్యూ కొడితే చుక్కల ఏ, పీ కొడితే చుక్కల ఓ, వై కొడితే చుక్కల యూ, ఎస్ కొడితే ఎస్‌జెట్ (ß) వస్తాయి. మొదటి మూడింటికి షిఫ్ట్ కూడా కలిపితే పెద్దక్షరాలు.

దీంతో ఒక చిక్కుంది. కోట్ గుర్తు కొట్టిన వెంటనే తెర మీద కనపడదు, తర్వాతి అక్షరం కోసం ఆగుతుంది. డబుల్ కోట్ తర్వాత ఏ కొడితే చుక్కల ఏ వచ్చేస్తుంది. కోడ్ రాసేవారికి ఇది నరకం. కోట్ తర్వాత స్పేస్ కొట్టండి, లేదా విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి పాత కీబోర్డ్‌కి మారండి. మ్యాక్‌లో ఆప్షన్, యూ కలిపి నొక్కి వదిలి అక్షరం కొడితే చుక్కలు వస్తాయి. ఎస్‌జెట్‌కి ఆప్షన్, ఎస్.

అసలైన జర్మన్ కీబోర్డ్‌లో వై, జడ్ చోట్లు మారి ఉంటాయి, విరామ చిహ్నాలూ వేరే చోట ఉంటాయి. జర్మనీలో ఆఫీసు ఉద్యోగం ఖాయమైనవారు ఇప్పటినుంచే దానికి అలవాటు పడటం మంచిది. బీ1 (మధ్యస్థ స్థాయి) లోపు ఉన్నవారికి ఆ శ్రమ అక్కర్లేదు. డిజిటల్ టెస్ట్‌డాఫ్ (జర్మన్ వర్సిటీల్లో చేరడానికి రాసే భాషా పరీక్ష) రాసేవారు మాత్రం కేంద్రంలో ఏ కీబోర్డ్ ఉంటుందో ముందే అడిగి, దాని మీదే సాధన చేయండి. ఏ దారీ లేని చోట చుక్కల బదులు ఆ అక్షరం పక్కన 'ఈ' (e) అక్షరం చేర్చండి, ఎస్‌జెట్ బదులు రెండు ఎస్‌లు రాయండి. చుక్కలు వదిలేయడం కన్నా అదే నయం.

ఫోన్‌లో గూగుల్ కీబోర్డ్ అయిన జీబోర్డ్‌కి జర్మన్ చేర్చుకుని, ఆటో కరెక్షన్, సజెషన్లు ఆపేయండి. జర్మన్‌లో నామవాచకాలన్నీ పెద్దక్షరంతో మొదలవుతాయి. దిద్దుబాటు నడుస్తుంటే ఆ పని కీబోర్డే చేసేస్తుంది, మీ చేతికి అలవాటు కాదు.

ప్రశ్న: పదాలను కార్డులుగా గుర్తుపెట్టించే యాప్ యాంకీలో నాలుగు వేల పదాల డెక్ (కార్డుల కట్ట) దించుకున్నాను. ఇప్పుడు 900 రివ్యూలు పేరుకున్నాయి. పదం గుర్తొస్తోంది గానీ దాని ముందు వచ్చే డెర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకం)‌లలో ఏదో తెలియడం లేదు. ఏం చేయాలి?

మీవి రెండు సమస్యలు. ముందు పేరుకున్న కుప్ప సంగతి. డెక్ ఆప్షన్స్‌లో రోజుకు కొత్త కార్డులు 20 అని ఉంటుంది. కుప్ప కరిగేదాకా దాన్ని సున్నా చేయండి, తర్వాత ఎనిమిదికో పదికో పెంచండి. కంప్యూటర్లో బ్రౌజ్ తెరిచి, క్లాసులో ఇంకా రాని పదాలన్నీ ఎంచుకుని కంట్రోల్, జే నొక్కితే అవి సస్పెండ్ అవుతాయి. పాఠంలో ఎదురైనప్పుడు మళ్లీ తెరుచుకోవచ్చు. 23.10 లేదా ఆ తర్వాతి వెర్షన్ అయితే ఎఫ్ఎస్ఆర్ఎస్ (కార్డు మళ్లీ ఎప్పుడు చూపాలో లెక్కగట్టే పద్ధతి) ఆన్ చేయండి. డిజైర్డ్ రిటెన్షన్‌ను (ఎంత గుర్తుండాలన్న లక్ష్యాన్ని) 0.90 నుంచి 0.85కి దించితే రోజూ వచ్చే కార్డులు తగ్గుతాయి, బదులుగా కాస్త ఎక్కువ మరచిపోతారు. చాలామంది గుర్తురాని కార్డుకి మొహమాటపడి హార్డ్ నొక్కుతారు. యాంకీ లెక్కలో హార్డ్ అంటే గుర్తొచ్చినట్టే. దాంతో లెక్క మొత్తం తప్పి, రాని పదం ఇంకా ఆలస్యంగా తిరిగొస్తుంది. గుర్తురాకపోతే అగైన్ ఒక్కటే నొక్కాలి.

ఇక లింగం. మీ డెక్‌లో కార్డు ముందు వైపు జర్మన్, వెనక ఇంగ్లిష్ ఉండి ఉంటుంది. అప్పుడు డెర్, డీ, డాస్ ప్రశ్నలోనే కనిపిస్తాయి, వాటిని ఎవరూ మిమ్మల్ని అడగరు. అడగనిది గుర్తుండదు. కార్డు తిప్పండి: ముందు అర్థం, వెనక జర్మన్. 'బేసిక్, టైప్ ఇన్ ది ఆన్సర్' అనే రకం ఎంచుకుంటే జవాబు టైప్ చేయక తప్పదు.

జవాబు కూడా ఒంటరి పదంగా ఉండకూడదు. 'ఐన్' (ఒక) అని మాత్రమే రాస్తే అది పుంలింగమో నపుంసకమో తేలదు, ప్రథమా విభక్తిలో రెండింటికీ అదే రూపం. ద్వితీయలో మూడూ విడివిడిగా బయటపడతాయి. అందుకే 'నాకు ఉంది', 'నేను వెతుకుతున్నాను', 'నాకు కావాలి' అనే వాక్యాల్లో పెట్టండి. 'ఇఖ్ హాబె ఐనెన్ టెర్మీన్', నాకు అపాయింట్‌మెంట్ ఉంది. 'ఇఖ్ జూఖె ఐనె వోనుంగ్', ఇల్లు వెతుకుతున్నాను. 'ఇఖ్ బ్రౌఖె ఐన్ ఫొర్ములార్', ఫారం కావాలి. ఐనెన్ అంటే డెర్, ఐనె అంటే డీ, ఐన్ అంటే డాస్. చిన్న వాక్యంతో లింగం, విభక్తి, వాడుక మూడూ ఒకేసారి వస్తాయి. 'ఉంగ్', 'హైట్', 'కైట్', 'షాఫ్ట్' అనే ప్రత్యయాలతో ముగిసేవి డీ, 'ఖెన్'తో ముగిసే చిన్నితనపు పదాలు డాస్. వీటికి విడివిడిగా లింగం బట్టీపట్టక్కర్లేదు.

ఎక్సెల్‌లో జాబితా చేసుకుని యాంకీలోకి పంపేటప్పుడు ఫైల్‌ను సీఎస్‌వీ యూటీఎఫ్-8 రకంగా సేవ్ చేయండి. మామూలు సీఎస్‌వీ అయితే చుక్కల అక్షరాలన్నీ పిచ్చి గుర్తులవుతాయి. ఫోన్ కార్డులోని జర్మన్‌ను ఇంగ్లిష్ యాసలో చదువుతోందంటే జర్మన్ గొంతు లేదన్నమాట. సెట్టింగ్స్‌లో టెక్స్ట్-టు-స్పీచ్ అని వెతికి, గూగుల్ ఇంజిన్‌లో జర్మన్ వాయిస్ డేటా దించుకోండి. అంతవరకు ఆ శబ్దం వినకండి, తప్పు ఉచ్చారణ చెవిలో నాటుకుంటే వదిలించుకోవడం కష్టం.

ప్రశ్న: పదం మీద నొక్కితే అర్థం చూపే డిక్షనరీ వాడుతున్నాను. 'డెర్ కుర్స్ ఫెల్ట్ మోర్గెన్ ఔస్'లో 'ఫెల్ట్'కి 'పడుతుంది' అని చూపింది. క్లాసు పడడమేమిటి?

క్రియ రెండు ముక్కలైంది. అసలు క్రియ 'ఔస్‌ఫాలెన్', అంటే రద్దు కావడం. ప్రధాన వాక్యంలో దాని ముందు ముక్క విడిపోయి చివరికి వెళ్లి కూర్చుంటుంది. నొక్కి చూసే డిక్షనరీకి మీరు నొక్కిన ముక్కే తెలుసు. వాక్యం చివర ఔస్, ఆన్, ఆబ్, ఔఫ్, ఐన్, మిట్ లాంటి చిన్న మాట ఒంటరిగా కనిపిస్తే దాన్ని క్రియ మూలరూపానికి ముందు అతికించి డూడెన్, లియో లాంటి ఆన్‌లైన్ నిఘంటువుల్లో టైప్ చేసి వెతకండి. క్లాసు రేపు ఉండదని అప్పుడు తెలుస్తుంది. పొడవాటి సమాసాలకు మాత్రం చివరి ముక్క నుంచి మొదలుపెట్టాలి. లింగం ఎప్పుడూ ఆ చివరి ముక్కదే.

ప్రశ్న: మంచి యాప్‌లలో తెలుగు ద్వారా జర్మన్ నేర్పేది కనిపించలేదు. ఇంగ్లిష్ మీదుగా వెళితే నష్టమా?

కొన్ని చోట్ల నష్టమే. ఆ చోట్ల కార్డు ముందు వైపు తెలుగే రాసుకోండి. ఇంగ్లిష్ నుంచి వచ్చేవారు 'ఇఖ్ బిన్ కాల్ట్' అని పొరబడతారు. జర్మన్‌లో 'మీర్ ఇస్ట్ కాల్ట్' అనాలి, అచ్చంగా మన 'నాకు చలిగా ఉంది'. 'డాస్ గెఫెల్ట్ మీర్' అన్నా మన 'అది నాకు నచ్చింది'లోని 'నాకు' అక్కడే ఉంది. '2021 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను' అనడానికి జర్మన్‌లోనూ వర్తమానమే: 'ఇఖ్ ఆర్బైటె జైట్ 2021 హీర్'. ఇంగ్లిష్ వాక్యాన్ని మనసులో పెట్టుకుని రాస్తే ఇక్కడ కాలం తప్పుతుంది. నువ్వు, మీరు తేడా కూడా ఇంగ్లిష్‌లో కనిపించదు. అందుకే అనువాద యాప్‌కి ఇంగ్లిష్ ఇచ్చి తీసుకున్న మెయిల్‌లో 'డూ' (నువ్వు), 'జీ' (మీరు) కలగాపులగం అయ్యాయేమో ప్రతి వాక్యం చూసుకోండి. ఆఫీసుకీ ఆసుపత్రికీ రాసేటప్పుడు 'జీ'.

ప్రశ్న: ఉచ్చారణ సరిచూసుకోవడానికి వాయిస్ టైపింగ్ పనికొస్తుందా?

పనికొస్తుంది, పూర్తి వాక్యాలతో కాదు. వాక్యం చెబితే సాఫ్ట్‌వేర్ సందర్భాన్ని బట్టి ఊహించి, మీరు తప్పు పలికినా ఒప్పు రాసేస్తుంది. జర్మన్ కీబోర్డ్‌కి మారి మైకు నొక్కి, దగ్గర దగ్గరగా వినిపించే జంట పదాలను ఒక్కొక్కటిగా చెప్పండి. 'డ్రుకెన్' అంటే ముద్రించడం, యూ మీద చుక్కలుంటే నొక్కడం. 'త్సాలెన్' అంటే డబ్బు చెల్లించడం, ఏ మీద చుక్కలుంటే లెక్కపెట్టడం. మీరనుకున్నదే తెర మీదికి వస్తే సరే. చుక్కల యూ కోసం నాలుకను 'ఈ' స్థానంలోనే ఉంచి, పెదవులను మాత్రం 'ఊ' అన్నట్టు గుండ్రంగా చుట్టండి. చుక్కల ఓకి నాలుక 'ఏ', పెదవులు 'ఓ'. నాలుక కదిలితే మైకు వెంటనే వేరే పదం రాస్తుంది.

ప్రశ్న: జర్మన్ డబ్బింగ్ పెట్టి జర్మన్ సబ్‌టైటిల్స్ పెడితే రెండూ కలవడం లేదు. యాప్ పాడైందా?

లేదు. డబ్బింగ్‌ని, సబ్‌టైటిల్‌ని వేర్వేరుగా అనువదిస్తారు. డబ్బింగ్‌లో పెదవుల కదలికకు కుదిరే మాటలు పడతాయి, సబ్‌టైటిల్‌లో త్వరగా చదవగలిగేవి. అసలు జర్మన్‌లోనే తీసిన సిరీస్ పెట్టుకోండి, లేదా జర్మన్ ప్రసార సంస్థ డాయిష వెలె నెమ్మదిగా చదివే వార్తలు వినండి. ఆ వార్తలకు పాఠం అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. ఆ ఆడియో దించుకుని వీఎల్‌సీ ప్లేయర్‌లో వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ ఆన్ చేస్తే ఏ-బీ బటన్ వస్తుంది. అర్థంకాని వాక్యం మొదట్లో ఒకసారి, చివర ఒకసారి దాన్ని నొక్కితే ఆ ముక్కే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ముందు పాఠం చూడకుండా విని రాసుకుని, తర్వాతే పోల్చుకోండి.