రొమేనియా ఫీనిక్స్: అరవై ఏళ్ళ బ్యాండులో ఏ రికార్డు ముందు వినాలి?

ప్రశ్న: 1962లో పుట్టిన రొమేనియా రాక్ బ్యాండ్ ఫీనిక్స్ వినాలనుంది. ఆల్బములు చాలా ఉన్నాయి. ఒకే పాట మూడు నాలుగు రకాలుగా దొరుకుతోంది, గొంతులు కూడా మారుతున్నాయి. ఏవి అసలైనవి? ఏ వరసలో వినాలి? పాత ఎల్పీ కొనాలంటే ఏం చూసుకోవాలి?

జవాబు:

1974లో వచ్చిన 'ముగుర్ దె ఫ్లుయెర్'తో మొదలుపెట్టండి. తర్వాత వెనక్కి వెళ్ళి 1972 నాటి 'చెయ్ చె నె-ఔ దత్ నుమె' వినండి. ఆపైన 1975 నాటి 'కాంటాఫాబులే'కి రండి. మిగతా అరవై ఏళ్ళ ప్రయాణం ఈ మూడింటి దగ్గరికి రావడానికో, వీటి దగ్గరికి తిరిగి వెళ్ళడానికో సాగిందని నా అభిప్రాయం. చాలామంది నేరుగా కాంటాఫాబులే పెట్టమంటారు. బ్యాండు చేసిన అత్యుత్తమ పని అదే, అందులో అనుమానం లేదు. అయితే అది రెండు డిస్కుల ఆల్బమ్, సాహిత్యమంతా పాత మాటలతో, శ్లేషలతో నిండి ఉంటుంది. భాష తెలియకుండా మొదటిసారే దాంట్లో దిగినవాళ్ళు సగంలో ఆపేయడం మామూలు. ముగుర్ దె ఫ్లుయెర్ పాటలు చిన్నవి, బాణీలు ఒక్క వినికిడికే పట్టుబడతాయి. అందులోని 'ఆంద్రీ పోపా' రొమేనియాలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. గుర్రమెక్కి తిరిగిన ఒక జానపద బందిపోటు వీరుడి మీద పంతొమ్మిదో శతాబ్దపు కవి వసీలె అలెక్సాంద్రి రాసిన కవితకు కట్టిన బాణీ అది.

ఇప్పుడు గొంతుల సంగతి. ఈ బ్యాండు తిమిష్వార నగరానిది. పశ్చిమాన బనాత్ ప్రాంతం, అప్పటి యుగోస్లావియా, హంగరీ సరిహద్దులకు దగ్గర. రొమేనియన్లు, హంగేరియన్లు, జర్మన్లు, సెర్బులు కలిసి బతికిన ఊరు. సభ్యుల పేర్లలోనే అది కనిపిస్తుంది: నికు కొవాచ్, బేలా కమోచా, గుంతర్ రైనింగర్, యోసెఫ్ కాప్ల్. స్కూలు వయసు కుర్రాళ్ళుగా 'స్ఫింత్సీ', అంటే 'సాధువులు', అన్న పేరుతో మొదలుపెట్టారు. కమ్యూనిస్టు ప్రభుత్వానికి మతం వాసన వచ్చే పేరు నచ్చలేదు, 1965 నాటికి ఫీనిక్స్ అయ్యారు. ఆ దశలో గాయకుడు మోని బోర్దెయాను. 1968లో వచ్చిన 'వ్రెమురి' అనే చిన్న రికార్డులో రెండు సొంత పాటలు, రెండు ఇంగ్లీషు పాటలు ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకటి బీటిల్స్ పాడిన 'లేడీ మడోనా'. మరుసటి ఏడాది 'ఫ్లోరియా స్తించిలోర్' వచ్చింది. ఇవి బీట్ సంగీతం, ఆ కాలంలో యూరప్ అంతటా వినిపించిన ధోరణే. హాయిగా ఉంటాయి కానీ ఫీనిక్స్ ప్రత్యేకత ఇంకా రాలేదు. వీటిని చివరికి వదిలేసినా నష్టం లేదు. 1970లో బోర్దెయాను అమెరికా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మీరు విన్న పెద్ద పాటల్లో చాలావాటి గొంతు మిర్చా బనిచుది.

1971 జూలైలో రొమేనియా కమ్యూనిస్టు పాలకుడు చౌషెస్కు, చైనా, ఉత్తర కొరియా పర్యటన నుంచి తిరిగొచ్చాక, కళలన్నీ జాతీయ భావాన్ని, పార్టీ దారిని పాటించాలని 'జూలై సూత్రాలు' ప్రకటించాడు. పాశ్చాత్య సంగీతం మీద పట్టు బిగిసింది. ఫీనిక్స్ జానపదం వైపు తిరగడానికి అదొక్కటే కారణమని కొందరు రాస్తారు. అది సగం నిజమే. ప్రభుత్వం కోరింది రంగుల దుస్తులతో, నవ్వుతూ ఆడే వేదిక జానపదం. ఫీనిక్స్ తవ్వింది దాని కింద ఉన్న పాత పొరను: ఋతువులు మారేటప్పటి తంతులు, పెళ్ళి తంతులు, మంత్రాలు, ముసుగు ఆటలు. చెయ్ చె నె-ఔ దత్ నుమె అంటే 'మనకు పేరిచ్చినవాళ్ళు'. అందులోని 'నుంతా' (పెళ్ళి) పాట పెట్టుకుని వినండి. ఎలక్ట్రిక్ గిటార్ పక్కన తాళవాద్యాలు, పల్లె గుంపు పాట ఉంటాయి. ఏదీ అలంకారం కోసం పెట్టలేదు. ఈ కలయిక అతికించినట్టు లేకపోవడానికి ముఖ్య కారణం యోసెఫ్ కాప్ల్ అని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన బాస్ గిటార్ వాయిస్తూనే వయొలిన్, వేణువు కూడా అందుకుంటాడు.

1973లో 'మెష్టెరుల్ మనోలె' అనే చిన్న రికార్డు వచ్చింది. కుర్త్యా దె ఆర్జెష్ మఠం కట్టేటప్పుడు గోడలు నిలవక, మేస్త్రీ మనోలె తన భార్యనే గోడలో పెట్టి కట్టాడన్న గాథకు అది రాక్ రూపం. మనకు ఆ కథ కొత్త కాదు, బుక్కరాయసముద్రం చెరువుకట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ విన్నవాళ్ళకు వెంటనే తగులుతుంది.

ఇక కాంటాఫాబులే. మాటలు రాసినవాళ్ళు ఇద్దరు: కవి షెర్బాన్ ఫ్వార్త్సా, ఆండ్రే ఉజీకా. ఉజీకా తర్వాతి కాలంలో చౌషెస్కు మీద ఆర్కైవ్ దృశ్యాలతో పెద్ద డాక్యుమెంటరీ తీసిన దర్శకుడే. ఆల్బమ్ మొత్తం ఒక జంతుకోశం. మధ్యయుగపు పుస్తకాల్లోని వింత జీవులకు తలా ఒక పాట. 'పసెర్యా కలాంద్రినోన్'లోని పక్షి రోగి ముఖంలోకి చూస్తే అతను బతుకుతాడు, మొహం తిప్పుకుంటే పోతాడు. 'నొరోకుల్ ఇనోరోగులుయి'లోది ఒంటికొమ్ము గుర్రం. రొమేనియా సాహిత్యంలో ఆ జీవికి పెద్ద చరిత్ర ఉంది. దిమిత్రియె కాంతెమిర్ పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో రాసిన జంతురూపక కథలో తనను తాను ఒంటికొమ్ము గుర్రంగానే చెప్పుకున్నాడు. పాత కథల్లోని 'రాక్' అనే మహాపక్షి పేరుతో రాక్ అండ్ రోల్‌ను కలిపి చేసిన శ్లేష ఒక పాట. గుడ్లగూబ పాట రొమేనియన్‌లో లేదు, దాని సోదరభాష అరోమేనియన్‌లో ఉంది. చివర్లో బ్యాండు పేరు పెట్టుకున్న పక్షి మీద పాట వస్తుంది. మొదటిసారి రెండు డిస్కులూ ఒకే కూర్చోవడంలో వినకండి. ఒక్కో వైపు విని ఆపండి. మాటల అనువాదం దొరికితే పక్కన పెట్టుకోండి, ఎందుకంటే ఇందులో బాణీ మలుపులు మాటల ఆటను అనుసరిస్తాయి. వెనక డ్రమ్స్ ఒవిదియు లిపాన్‌వి, త్సండరీకా అనే పేరుతోనే ఆయన ప్రసిద్ధుడు.

తర్వాత జరిగింది సినిమాను మించినది. 1976లో బ్యాండు నాయకుడు, గిటారిస్టు కొవాచ్ ఒక డచ్ మహిళను పెళ్ళి చేసుకుని దేశం దాటాడు. 1977 మార్చి 4న బుకారెస్ట్‌ను కూల్చిన భూకంపం తర్వాత సహాయ సామగ్రితో తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు లోపలి భాగాలు తీసేసిన స్పీకర్ పెట్టెల్లో మిగతా సభ్యులను దాచి సరిహద్దు దాటించాడు. బనిచు మాత్రం వెళ్ళలేదు, రొమేనియాలోనే ఉండి సొంతంగా పాడాడు. అందుకే 1977 తర్వాత బ్యాండుకు గొంతు ఒక దేశంలో, వాద్యాలు మరో దేశంలో అయ్యాయి. అసలు ఏది, నకలు ఏది అనే గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. 1981లో జర్మనీ నుంచి 'త్రాన్సిల్వానియా ఫీనిక్స్' పేరుతో వచ్చిన ఆల్బమ్‌లో పాత బాణీలు ఇంగ్లీషు మాటలతో వినిపిస్తాయి. 1989 డిసెంబరులో చౌషెస్కును కూలదోసిన విప్లవం తిమిష్వారలోనే రాజుకుంది. 1990లో బ్యాండు తిరిగొచ్చింది. 1992 నాటి 'సింఫీనిక్స్'లో పాత పాటలను ఆర్కెస్ట్రాతో మళ్ళీ రికార్డు చేశారు.

కాబట్టి మీ దగ్గరున్న పాట ఏ రూపమో ఇలా తేల్చుకోండి. పాత రొమేనియన్ బాణీకి ఇంగ్లీషు మాటలుంటే జర్మనీ కాలం. పెద్ద ఆర్కెస్ట్రా తీగవాద్యాలు కమ్ముకుంటే 1992. బనిచు గొంతుతో, గిటార్, వయొలిన్ దగ్గరగా, ప్రతిధ్వని తక్కువగా వినిపిస్తే ఎక్కువ అవకాశం 1972-75 అసలుదే. యాప్‌లో చూపించే సంవత్సరాన్ని నమ్మకండి, తరచుగా అది మళ్ళీ విడుదల చేసిన తేదీ. పేరుతో వెతికితే ఇదే పేరున్న ఫ్రెంచ్ బ్యాండు ముందు వస్తుంది, అందుకే ఆల్బమ్ పేరుతో వెతకండి. రొమేనియన్‌లో ఎస్, టి అక్షరాల కింద ఉండే చిన్న గుర్తు వదిలేసినా పర్వాలేదు. అయితే 1993లో స్పెల్లింగ్ మారింది. పాత అట్టల మీద మాట మధ్యలో టోపీ ఉన్న 'ఐ' ఉంటే, కొత్త జాబితాల్లో అదే చోట టోపీ ఉన్న 'ఎ' ఉంటుంది. ఒక రూపంతో దొరకకపోతే రెండోది ప్రయత్నించండి. ఇంకో చిక్కు: కాంటాఫాబులే మొదటి ముద్రణ అట్టమీద అచ్చుతప్పుతో 'కాంటోఫాబులే' అని పడింది. రెండు పేర్లూ ఒకే ఆల్బమ్, రెండుసార్లు కొనకండి.

తిరిగొచ్చాక చేసిన కొత్త పనిలో 2005 నాటి 'బాబా నొవాక్' వినదగినది. 2014 నాటి 'వినో, త్సెపెష్!' అభిమానుల కోసం. అన్ని దశల్లోనూ నడిపించినవాడు కొవాచ్ ఒక్కడే, 2024 ఆగస్టులో 77 ఏళ్ళ వయసులో పోయాడు. ఆయన గిటార్ తీరు తెలియాలంటే కచేరీ రికార్డుల కన్నా ముగుర్ దె ఫ్లుయెర్ మేలు.

ఎల్పీ విషయం. మూడు ఆల్బములూ ప్రభుత్వ కంపెనీ ఎలెక్ట్రెకార్డ్‌వే. కాంటాఫాబులే కొనేటప్పుడు రెండు డిస్కుల ఫొటోలూ, నాలుగు లేబుళ్ళూ అడగండి, విడిపోయిన జంటలు అమ్మకానికి వస్తుంటాయి. డిస్కును దీపం కింద ఏటవాలుగా పట్టి తీసిన ఫొటో అయితేనే గీతలు తెలుస్తాయి. నేరుగా తీసిన ఫొటోలో అన్నీ కొత్తవిలాగే ఉంటాయి. వీలైతే నెమ్మదిగా సాగే భాగాన్నీ, ప్రతి వైపు చివరి పాటనూ వినిపించమనండి. చిటపటలు మొదటిదాంట్లో, అరిగిన సూదితో వాడిన నష్టం రెండోదాంట్లో బయటపడతాయి, ఎందుకంటే మధ్యకు వచ్చేకొద్దీ గాడి వంపులు ఇరుకవుతాయి. పార్సెల్ చేసేటప్పుడు డిస్కును లోపలి కవరుతో సహా అట్టలోంచి తీసి, అట్ట వెనక విడిగా పెట్టమని తప్పక చెప్పండి. లోపలే ఉంచి పంపితే దారిలో డిస్కు అంచు తగిలి అట్ట కుట్టు చీలుతుంది. మన దేశానికి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, పోస్టు ఖర్చు ముందే లెక్కేసుకోండి, చాలాసార్లు డిస్కు ధరను దాటిపోతాయి. వచ్చాక డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తని బట్టతో గాడి వెంట తుడిచి, పూర్తిగా ఆరాకే సూది పెట్టండి.