కత్తెర, కాగితం పట్టీలు, వికటకవి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "పెద్దమ్మా, బాటనీ అంతా వచ్చేసింది, బయోటెక్నాలజీ ఒక్కటే బుర్రకెక్కడం లేదు, టెన్షన్‌గా ఉంది" అన్నావు. ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పాను. బట్టీ పట్టినవాళ్లు దాన్ని పరీక్ష హాల్లోనే మర్చిపోయేవాళ్లు, చేత్తో చేసి చూసినవాళ్లకి మాత్రం నిలిచిపోయేది. అందుకే పుస్తకం మూసేసి కత్తెర, జిగురు, రెండు కాగితం పట్టీలు తెచ్చుకో.

పట్టీని డీఎన్ఏ అనుకో. ఏ, టీ, జీ, సీ దాని నాలుగు అక్షరాలు. మొదటి పట్టీ మధ్యలో జీ ఏ ఏ టీ టీ సీ అని రాయి. అటూ ఇటూ నీకు తోచిన అక్షరాలు పెట్టు. డీఎన్ఏకి రెండు పోగులు కదా, దాని కిందే జత పోగు రాయి: ఏకి టీ, జీకి సీ. కింద సీ టీ టీ ఏ ఏ జీ వస్తుంది. దీన్ని పాలిండ్రోమ్ అంటారు. "వికటకవిలాగా" అని క్లాసులో చెప్పేస్తాం, పిల్లలు పొరబడేది సరిగ్గా అక్కడే. వికటకవిని అదే వరసలో వెనక్కి చదివినా వికటకవే. నీ పై పోగును వెనక్కి చదివి చూడు, అలా రాదు. పై పోగును ఎడమ నుంచి కుడికి, కింది పోగును కుడి నుంచి ఎడమకి చదువు. ఇప్పుడు రెండూ ఒకటే! డీఎన్ఏ పోగులు రెండూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి మరి. ఈ మాట దగ్గర డీఎన్ఏను కోసే ఎకో ఆర్ వన్ అనే ఎంజైము ఒకేలాంటి రెండు ప్రొటీన్ల జంట. ఒక్కోటి ఒక్కో పోగును కోస్తుంది కాబట్టి రెండింటికీ ఒకే మాట కనబడాలి.

ఇక కొయ్యి, రెండు పోగుల్లోనూ జీకీ పక్కనున్న ఏకీ మధ్య. నిలువుగా తెగదు, మెట్టులా తెగి ఏ ఏ టీ టీ అనే తోక మిగులుతుంది. రెండో పట్టీ వేరే జీవి డీఎన్ఏ అనుకుని దాన్నీ ఇలాగే రాసి కోస్తే అదే తోక. రెండు తోకలూ జత కడతాయి కానీ ఆ పట్టు చాలదు, లైగేజ్ అనే జిగురు పడాలి. 1973లో కోహెన్, బోయర్ అనే శాస్త్రవేత్తలు ఇలాగే కోసి అతికించిన ప్లాస్మిడ్‌ను, అంటే బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏను, ఈ.కోలై అనే బ్యాక్టీరియాలోకి పంపారు.

పంపడం తేలికే: కాల్షియం క్లోరైడ్, ఐసు, కాసేపు 42 డిగ్రీల వేడి, మళ్లీ ఐసు. కానీ ప్లాస్మిడ్‌ను తీసుకునే కణాలు చాలా కొద్ది. వాటిని ఏరడానికే ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్: దాన్ని తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్‌లో ఉంటుంది, ప్లాస్మిడ్ లేని కణాలు చస్తాయి. నా ఎమ్మెస్సీలో ఒకసారి పొద్దున్నే వచ్చి చూస్తే, పెరుగు తోడుకున్నట్టు ప్లేటు నిండా తెల్లటి పొర. ఎగిరి గంతేశాను. మా గైడు మాత్రం ప్లాస్మిడ్ ఇవ్వని కణాల ప్లేటు చూపించమన్నారు. అందులోనూ అదే పొర! మరుగుతున్న అగార్‌లో, అంటే కణాలు పెరిగే జెల్లీలో, ఆంపిసిలిన్ పోసేశాను, వేడికి మందు చచ్చిపోయింది. ఫ్లాస్కు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే కలపాలి. నువ్వు ల్యాబులోకి వెళ్లిన రోజున ముందు ఆ ఉత్త కణాల ప్లేటే చూడు. అది ఖాళీగా ఉంటేనే పక్క ప్లేటుని నమ్ము.

ఇన్సులిన్ చదివేటప్పుడు ఒక ప్రశ్న వేసుకో: మనిషి జన్యువును ఉన్నదున్నట్టు బ్యాక్టీరియాలో పెడితే? పనిచేయదు. మన జన్యువుల మధ్యలో ఇంట్రాన్లనే, ప్రొటీన్ తయారీకి పనికిరాని ముక్కలుంటాయి, వాటిని కత్తిరించి పారేసే ఏర్పాటు బ్యాక్టీరియాకి లేదు. అందుకే ఇన్సులిన్‌లోని 21, 30 అమైనో ఆమ్లాల రెండు గొలుసులకీ డీఎన్ఏను రసాయనికంగా తయారుచేసి, గొలుసులను విడివిడిగా చేయించి కలిపారు. ఆ ఇన్సులిన్‌కి 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు పందుల, ఆవుల క్లోమం నుంచి తీసేవాళ్లు. మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చింది కదా, అందులోని ప్రొటీన్ తయారయ్యేది ఈస్టులో.

ఆదివారం వస్తాను. పట్టీలు పారెయ్యకు. పీబీఆర్ 322 అనే ప్లాస్మిడ్ బొమ్మ గీసి ఉంచు. దానిలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు మధ్యలో కొత్త ముక్క దూర్చితే, ఆ కణాలు ఏ ప్లేటు మీద బతుకుతాయో, ఏ ప్లేటు మీద చస్తాయో నువ్వే నాకు చెప్పాలి.

మీ పెద్దమ్మ