నిజాం నగలు పురానీ హవేలీలో ఉంటాయా, చౌమహల్లాలోనా?

అమ్మగారిని తీసుకుని కర్నూలు నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయాలి, నిజాం నగలు ఎక్కడ చూపిస్తారు అని అడిగారు కదా. హైదరాబాద్ పాతబస్తీలోని ఈ రెండు నిజాం ప్యాలెస్‌లలోనూ లేవండి. ఆ నగల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం ట్రస్టుల దగ్గర 218 కోట్లకు కొనేసింది, జాకబ్ అనే పెద్ద వజ్రంతో కలిపి 173 నగలు రిజర్వ్ బ్యాంకు భద్రతలో ఉంటాయి, ఎప్పుడో ఒకసారి ప్రదర్శనకు పెడతారు, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో పెట్టారు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతుక్కునే మన వైపు వాళ్లు చాలామంది జాకబ్ వజ్రం కూడా ఇక్కడి నేలలోదే అనుకుంటారు, కానీ అది దక్షిణాఫ్రికా గనిది.

అయినా సరే పురానీ హవేలీకి, అక్కడి నిజాం మ్యూజియం చూడ్డానికి తీసుకెళ్లండి. నగలు లేవని మానుకోవద్దు. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది, బీరువా అంటున్నా గానీ అది ఒక పెద్ద హాలు, దాదాపు 176 అడుగుల పొడవు, రెండంతస్తులు, రెండు పక్కలా బర్మా టేకు అరలు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఆయన ఒకసారి వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవాడు కాదని చెబుతారు. మా నాన్న టైలరు, జీవితమంతా పాతబస్తీలో మిషను తొక్కాడు, ఆయన ఆ షేర్వానీల ముందు నిలబడి కాలరు, కుట్టు, గుండీల పట్టీ ఒక్కొక్కటీ చూస్తూ ఎంతకీ కదల్లేదు. కుట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవేంరా అని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు.

మిగతా హాళ్లలో ఉన్నవి ఎక్కువగా ఏడో నిజాం రజతోత్సవ కానుకలు. ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు, పాతికేళ్ల పండగ 1936లో జరగాల్సింది, ఆ జనవరిలో బ్రిటిష్ రాజు ఐదో జార్జి చనిపోవడంతో 1937 ఫిబ్రవరికి మారింది. అప్పుడు వాడిన బంగారు పూత సింహాసనం, నగరంలోని పెద్ద భవనాలకు వెండితో చేసిన నమూనాలు, సన్మాన పత్రాలు పెట్టి ఇచ్చిన పేటికలు ఉన్నాయి. నాకైతే సింహాసనం కంటే ఆ పేటికలే నచ్చాయి, ఎవరెవరు ఏమిచ్చి మెప్పించాలనుకున్నారో వాటిలో తెలుస్తుంది. వాటి మీది రాతలు చదివిపెట్టడానికి ఉర్దూ వచ్చినవాళ్లు పక్కనుంటే ఇంకా బాగుంటుంది. 2018లో దొంగలు ఎత్తుకెళ్లిన మూడరల బంగారు టిఫిన్ క్యారియర్ కూడా ఇక్కడిదే, కొద్ది రోజుల్లోనే పోలీసులు పట్టుకున్నారు.

ఇక ప్రయాణం సంగతి. తెల్లవారుజామున బస్సెక్కితే హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి ఆటోకి దగ్గరే. శుక్రవారం మాత్రం వెళ్లొద్దు, పురానీ హవేలీ, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం మూడూ ఆ రోజు సెలవే. మూడూ ఒకే రోజు చూపిద్దామనీ అనుకోకండి, పెద్దవాళ్లకి కాళ్లు లాగేస్తాయి, రెండో దాంట్లోకి వచ్చేసరికి ఏదీ మనసుకెక్కదు. పొద్దున పురానీ హవేలీ తీరిగ్గా చూసి, భోంచేసి, ఓపికుంటే చౌమహల్లాలో ఖిల్వత్ దర్బారు హాలు, అక్కడి పాలరాతి గద్దె, షాండ్లియర్లు చూసి బస్సెక్కేయండి. సాలార్‌జంగ్‌కి మాత్రం ఇంకోసారి ఒక రోజంతా పెట్టుకుని రండి.