నోటిమాటకు కేసు ఉండదా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి రెండేళ్లు ట్రెజరర్‌గా చేశాను. ఆ మధ్య మీటింగ్‌లో ఒకాయన లేచి, "లిఫ్టు రిపేరు డబ్బులు తినేశాడు" అన్నాడు. రాత్రికి అదే మాట వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా లాయరు రాసిన నోటీసులో స్లాండర్, లైబెల్ అని రెండు మాటలున్నాయి. మా అబ్బాయేమో నోటిమాటకు కేసే ఉండదంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదండీ. మీ అబ్బాయి చెప్పేది ఇంగ్లండు సంగతి, అదీ సగమే.

అక్కడ నోటితో వేసిన నింద స్లాండర్, రాతలో పెట్టింది లైబెల్. స్లాండర్, స్కాండల్ ఒక తల్లి పిల్లలే. రెండూ లాటిన్ 'స్కాండలమ్' నుంచి వచ్చాయి. దానికి మూలమైన గ్రీకు మాటకు ఉచ్చు అని అర్థం. నీలాపనింద మోసినవాళ్లకు ఆ అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక లైబెల్‌కు మూలమైన లాటిన్ 'లిబెల్లుస్' అంటే చిన్న పుస్తకం, అంతే. ఒకరిని దుమ్మెత్తిపోస్తూ రాసిన కరపత్రాలకు ఆ పేరు వాడీ వాడీ, చివరికి కాగితం పేరే నేరం పేరైంది.

స్లాండర్ అయితే మామూలుగా నష్టం జరిగినట్టు రుజువు చూపాలన్నది ఇంగ్లండు పద్ధతి. కానీ జైలుశిక్ష పడే నేరం అంటగడితే అక్కడా ఆ రుజువు అక్కర్లేదు. డబ్బు తిన్నాడనడం అలాంటిదే కదా!

మన క్రిమినల్ చట్టంలో ఈ తేడాయే లేదు. పాత ఐపీసీ 499లోనూ, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356లోనూ మాట, రాత, సైగ, బొమ్మ అన్నీ ఒకే గాటన కట్టారు. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. మూడో మనిషి చెవిన పడిందా అన్నదే ముఖ్యం. మీ విషయంలో మీటింగ్ అంతా విన్నది.

దీనికి స్టేషన్‌కు వెళ్లి లాభం లేదు, మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు కంప్లయింట్ వేయాలి. నష్టపరిహారం కావాలంటే సివిల్ దావా, దానికి గడువు ఏడాదే. "ఆ మధ్య" అన్నారు, తేదీ చూసుకోండి. చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి. ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు, ఆ చాట్ ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో తెలిపే సర్టిఫికెట్ (సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద) జతచేయాలి.

ఒక మాట నిష్ఠూరంగానే చెబుతాను. లెక్కలు చూపించమని అడగడం పరువు నష్టం కాదు. ఆయన రేపు "సంఘం మేలు కోసం అడిగాను" అనే అంటాడు. కాబట్టి నోటీసు పోస్టు చేసే ముందు లిఫ్టు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒక ఫైల్లో పెట్టుకోండి. అవతలి లాయరు మొదట అడిగేది వాటినే.