ఎడిటర్లు పాఠాలు చెప్పగలరా? నా అనుభవం

ఏళ్ల తరబడి పత్రికలో ఎడిటర్‌గా చేసినవాళ్లు జర్నలిజం పాఠాలు చెప్పగలరా అని కొందరు అడుగుతుంటారు. చెప్పగలరు, వాళ్లే చెప్పాలి కూడా. 31 ఏళ్లు పత్రిక డెస్కులో, అంటే వార్తలు దిద్ది పేజీలు పెట్టే చోట ఉండి, ఎడిషన్ ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాను. ఇప్పుడు అనంతపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నాను.

మొదటి నెలంతా నా పాత కథలే చెప్పాను. పిల్లలు బాగానే విన్నారు, వార్త రాయడం మాత్రం ఎవరికీ రాలేదు. జులైలో ఒకరోజు మండలాలవారీ వర్షపాతం ప్రెస్‌నోట్ ఇచ్చి పది లైన్లు రాయమన్నాను. ‘జిల్లాలో విస్తారంగా వర్షాలు, రైతుల్లో హర్షం’ అని అందరూ రాసిచ్చారు. కల్యాణదుర్గం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒక్కతే తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చుంది.

‘ఏమ్మా, రాయలేదే?’ అన్నాను.

‘మా మండలానికి 22 మిల్లీమీటర్లని వేసినారు సార్. ఆ రెయిన్‌గేజ్ ఉండేది మండలాఫీసు దగ్గర. మా ఊర్లో విత్తేంత పదును కాలేదు. పొద్దున్నే మా నాయనతో మాట్లాడినా.’

అలాంటి జాబితాలు నా చేతుల మీదుగా కొన్ని వేలు అచ్చుకు వెళ్లాయి. పేజీని టైముకు ప్రింటింగ్‌కు వదలాలన్న టెన్షన్‌లో, ఆ వాన కొలిచింది ఎక్కడ అన్న ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. వాతావరణ బీమాలో పరిహారం తేలేది వర్షపాతం అంకెల మీదేనని తెలిసి కూడా!

ఆదివారం అందరం బస్సెక్కి వాళ్ల ఊరెళ్లాం. వాళ్ల నాయన చేలో కూర్చుని ఎర్రమట్టిలోకి వేళ్లు దించాడు. రెండు వేళ్ల మందం తడి, ఆ కింద పొడి దుమ్ము. ‘ఇప్పుడు గొర్రు కడితే విత్తనకాయలు మట్టిపాలే సార్’ అన్నాడు. పిల్లలు ఒక్కొక్కరూ వంగి మట్టి తీసి చూశారు. ఆ రాత్రి ఆ అమ్మాయి రాసిచ్చిన వార్తలో నేను ఒక్క ఒత్తు మాత్రమే దిద్దాను.

ఇంత పని చేయిస్తున్నా, లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ లేదు, పీహెచ్‌డీ లేదు కాబట్టి నేను గెస్ట్ ఫ్యాకల్టీనే. గంటల లెక్కన డబ్బులు. నా సంగతి పోనివ్వండి, సిలబస్‌లో ఉన్నవన్నీ విదేశీ పత్రికల ఉదాహరణలే. 1926లో పప్పూరు రామాచార్యులు ‘సాధన’ వారపత్రిక మొదలుపెట్టింది ఈ అనంతపురంలోనే అని మా క్లాసులో ఒక్కరికీ తెలియదు. వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పత్రికకు మండల విలేకరి. జీతం లేదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులు. ‘ఈ నెల వచ్చింది పెట్రోలుకే చాల్లేదు సార్’ అని మొన్న ఫోన్ చేసింది. ఆమె డెస్కుకు నేనే ఫోన్ చేసి మాట్లాడాను. చూస్తామన్నారు. వచ్చే నెల మళ్లీ చేస్తాను.